కొడువా అన్నా, పండుగప్ప అన్నా

ఈ శీర్షికలో ఇంతవరకు చెట్లూ చెరువులూ పిట్టలూ వచ్చాయి గానీ చేప రాలేదు. మన సంఘంలో శాకాహారులు చాలామంది ఉన్నారని వెనకాడుతూ వచ్చాను. వారు ఈ పేజీలు తిప్పెయ్యవలసిన పని లేదని మనవి. మధ్యలో వంట గురించి నాలుగు మాటలు వస్తాయి, అంతే. తక్కినదంతా ఒక ప్రాణి బతుకు సంగతి.

గత సంచిక అందుకున్న ఒక సోదరి అడిగిన ప్రశ్న దీనికి కారణం. ఆవిడ పుట్టిల్లు సూళ్ళూరుపేట దగ్గర పల్లె, మెట్టినిల్లు తిరుత్తణి. "తిరువళ్ళూరు మార్కెట్లో కొడువా అని అమ్ముతున్నారండీ, అది మా పండుగప్పేనా? మా అమ్మ ఎప్పుడూ పెద్దది చూసి కొనమనేది. ఇక్కడ అయిదారు కిలోలవి కూడా కనిపిస్తున్నాయి. ఏ సైజు కొంటే మంచిది?" అని. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: అవును, అదే. రెండోదానికి మాత్రం కాస్త దూరం వెళ్ళి రావాలి.

ఈ చేపకున్నన్ని పేర్లు మన ఊళ్ళలో దేవుళ్ళకు కూడా ఉండవేమో. తెలుగులో పండుగప్ప, కొందరి నోట పండుకప్ప. తమిళంలో కొడువా. కేరళలో కాలాంజి. కలకత్తా వెళ్తే భేట్కీ. అక్కడివాళ్ళు దీన్ని ఆవముద్ద పట్టించి అరిటాకులో చుట్టి వండుతారు, అది లేకుండా పెళ్ళి విందు వెలితిగానే ఉంటుంది. మలేషియాలో సియాకప్. ఆస్ట్రేలియాలో బారముండి. ఆ మాట అక్కడి ఆదివాసుల భాషలోది, పెద్ద పొలుసుల ఏటిచేప అని అర్థం. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు లేటెస్ కాల్కారిఫెర్. 1790లో బ్లోఖ్ అనే జర్మను వైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు. కాల్కారిఫెర్ అంటే ముల్లుకట్టె ధరించినది. రౌతులు మడమకు కట్టుకునే ముల్లులాంటిది దీని మొప్పమూత దగ్గర ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు చెయ్యి కోసుకున్న ఇల్లాళ్ళకు ఆ పేరు ఎంత సార్థకమో వేరే చెప్పనక్కరలేదు.

గుర్తు పట్టడం కష్టం కాదు. వెండిలా మెరిసే పొడుగాటి ఒళ్ళు, బూడిదరంగు వీపు. నుదురు లోపలికి నొక్కినట్టు పల్లంగా ఉండి, అక్కణ్ణించి వీపు ఒక్కసారిగా లేస్తుంది. నోరు పెద్దది, పైదవడ కన్ను దాటి వెనక్కి పోతుంది. తోక చీలి ఉండదు, విసనకర్రలా గుండ్రంగా ఉంటుంది. బతికున్న చేపకు కన్ను గులాబిరంగులో వెలుగుతుంది. రాత్రిపూట దీపం వేస్తే నిప్పుకణికలా కనిపిస్తుంది. మసకనీళ్ళలో, చీకట్లో వేటాడే ప్రాణికి ఆ కన్ను పెట్టుబడి. రొయ్యలూ చిన్నచేపలూ దీని ఆహారం. పొంచి ఉండి, దగ్గరకు రాగానే నోరు తెరిచి నీళ్ళతో సహా లోపలికి లాగేస్తుంది.

పర్షియా సింధుశాఖ నుంచి చైనా దక్షిణతీరం దాకా, అక్కణ్ణించి ఆస్ట్రేలియా ఉత్తరతీరం దాకా వేడిసముద్రాల ఒడ్డంతా దీని రాజ్యమే. ఆ రాజ్యంలో మన వాటాకు వచ్చిన ముక్క పులికాట్ సరస్సు.

తిరుత్తణిలో కూర్చుని సముద్రపు చేప గురించి మాట్లాడటమేమిటని అనిపించవచ్చు. మన జిల్లా ఆకారం అలాంటిది మరి. పడమట తిరుత్తణి కొండలతో మొదలై తూర్పున పొన్నేరి దాటాక సముద్రంలో దిగుతుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. అటు సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వెళ్ళింది. 1997లో పాత చెంగల్పట్టు జిల్లాను విడదీసి తిరువళ్ళూరు జిల్లా చేశారు. మన పెద్దలు ఇల్లు కదలకుండానే రాష్ట్రమూ జిల్లా మారినవాళ్ళు. పులికాట్ సంగతీ అంతే. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, ఇప్పటి తిరుపతి జిల్లా వైపు ఉంది. దక్షిణపు కొస మన తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. అయితే ఆ కొసలోనే, పళవేర్కాడు ఊరి పక్కన, సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న ముఖ్యమైన వాకిలి ఉంది. దాన్ని మన నెల్లూరు తీరపు జాలరులు మొగ అంటారు. ఇల్లు ఆంధ్రలో, గుమ్మం తమిళనాట అన్నమాట. పండుగప్పకు రెండూ కావాలి.

చిలికా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. ఉత్తరదక్షిణాలుగా 60 కి.మీ. పొడవు. విస్తీర్ణం నిండుగా ఉన్నప్పుడు 400 చదరపు కి.మీ. పైమాటే. లోతు మాత్రం సగటున మీటరే. తెలుగువాళ్ళ నోట దీనికి ప్రళయకావేరి అని చక్కని పాతపేరుంది. స.వెం. రమేశ్ గారి ప్రళయకావేరి కథలు చదివినవాళ్ళకు ఆ పేరు కొత్త కాదు. పడమటినుంచి కాళంగి, ఉత్తరంనుంచి స్వర్ణముఖి, దక్షిణపు కొసలో ఆరణి ఏరు దీనికి మంచినీళ్ళు తెస్తాయి. తూర్పున శ్రీహరికోట దీవి గోడలా నిలబడి సముద్రాన్ని ఆపుతుంది. వానాకాలంలో సరస్సు నీళ్ళు దాదాపు చప్పబడిపోతాయి. ఎండాకాలంలో ఉత్తరభాగం నీళ్ళు సముద్రాన్ని మించి ఉప్పగా అవుతాయి. ఒకే సరస్సులో ఏడాదికొకసారి ఇలా రెండు కొసలూ చూసే నీళ్ళలో బతకాలంటే ఒంట్లో ప్రత్యేకమైన ఏర్పాటు ఉండాలి. పండుగప్పకు మొప్పల్లో ఆ ఏర్పాటు ఉంది. ఉప్పునీళ్ళలో ఉన్నప్పుడు ఒంట్లో చేరే అదనపు ఉప్పును మొప్పల్లోని కణాలు బయటికి తోసేస్తాయి. మంచినీళ్ళలోకి రాగానే అదే మొప్పలు నీళ్ళలో ఉన్న కాస్త ఉప్పునూ లోపలికి పీల్చుకుంటాయి.

ఇక దీని జీవితం. పులస సముద్రంలో పెరిగి గుడ్లకోసం గోదావరి ఎదురెక్కుతుందని మన అందరికీ తెలుసు. పండుగప్ప దారి దానికి సరిగ్గా తిరకాసు. ఇది పెరిగేది సరస్సులో, ఉప్పుటేళ్ళలో, ఒక్కోసారి మంచినీటి ఏళ్ళలో. గుడ్లు పెట్టడానికి మాత్రం సముద్రపు ఉప్పు కావాలి. అందుకని పెద్దవి ఏటి మొగల దగ్గరికి, ఒడ్డువెంబడి సముద్రంలోకి చేరతాయి. అమావాస్య, పౌర్ణముల చుట్టుపక్కల రోజుల్లో, పొద్దు గూకాక గుడ్లు వదులుతాయి. గుడ్డు మిల్లీమీటరు కంటే చిన్నది. నీళ్ళలో తేలుతుంది. అప్పటికి సముద్రం పోటెక్కుతూ ఉంటుంది గనుక ఆ పోటునీళ్ళే గుడ్లనూ పిల్లలనూ మొగలోంచి లోపలికి మోసుకుపోతాయి. వెచ్చటి నీళ్ళలో 16, 18 గంటల్లో గుడ్డు చితుకుతుంది. బయటికొచ్చే పిల్లకు నోరు కూడా సరిగా విచ్చి ఉండదు. రెండు మూడు రోజులు ఒంటికి అంటుకున్న పచ్చసొన తిని బతుకుతుంది, తర్వాత నీళ్ళలో తేలాడే సూక్ష్మజీవులను పట్టడం మొదలెడుతుంది.

సరస్సు అంచుల్లో గడ్డీ నాచూ ఉన్న పల్లపు నీళ్ళు వీటికి బాలశిక్ష. ఆ వయసులో వెండిరంగు ఉండదు. గోధుమరంగు ఒళ్ళు, తలమీద తెల్లటి చార, నాచులో కలిసిపోయే వేషం. ఆకలి మాత్రం అప్పుడే పెద్దదాని ఆకలి. తనలో సగానికి మించి పొడవున్న తోబుట్టువును కూడా మింగేస్తుంది. మింగలేక గొంతుకడ్డం పడి రెండూ చచ్చిన సందర్భాలూ ఉంటాయి. ఈ గుణం గురించి తర్వాత మళ్ళీ చెప్పాలి, డబ్బుతో సంబంధమున్న విషయం.

ఈ చేప ఎక్కడెక్కడ తిరిగిందో తెలుసుకునే ఉపాయం ఒకటి శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. చేప తలలో చెవిరాయి అని చిన్న సున్నపుముక్క ఉంటుంది. చెట్టుమానులో వలయాల్లాగా దానిమీద పొర వెనక పొర పేరుకుంటుంది. సముద్రపు నీళ్ళలో స్ట్రాన్షియం అనే లోహం ఎక్కువ, మంచినీళ్ళలో తక్కువ. పొరపొరకూ అదెంతుందో కొలిస్తే ఏ వయసులో ఏ నీళ్ళలో ఉందో తెలిసిపోతుంది. బి.కాం. చదివి జీవితమంతా జమాఖర్చులు చూసే నాబోటివాడికి ఇది అచ్చంగా పాసుపుస్తకంలా కనిపించింది, దిద్దుబాట్లు లేని పాసుపుస్తకం. ఆస్ట్రేలియాలో ఇలా చూస్తే అన్ని చేపలూ ఒకే దారి పట్టవని తేలింది. కొన్ని ఏళ్ళ తరబడి ఏట్లో ఉంటాయి, కొన్ని అసలు మంచినీళ్ళ మొహం చూడకుండా ఒడ్డువెంబడే గడిపేస్తాయి. అయితే సంతానం విషయంలో దేనికీ మినహాయింపు లేదు. అన్నీ ఉప్పునీళ్ళకు రావలసిందే.

ఇంతవరకు చెప్పింది ఒక ఎత్తు. పండుగప్పల్లో దాదాపు అన్నీ మగవిగా ఎదుగుతాయి. మూడు నాలుగేళ్ళ వయసులో మగచేపగా ఒకటి రెండు కాలాలు గుడ్లకు జీవం పోస్తాయి. ఆ తర్వాత, ఆరేడేళ్ళు దాటాక, అదే చేప ఆడది అవుతుంది. ఒంట్లో బీజం తయారుచేసే భాగమే క్రమంగా గుడ్లు తయారుచేసేదిగా మారిపోతుంది. మళ్ళీ వెనక్కి మారదు. భాగవతంలో సుద్యుమ్నుడు ఇల అయిన కథ మనం విన్నదే. అక్కడ అది శాపం, ఇక్కడ వయసు. 1979లో మూర్ అనే శాస్త్రజ్ఞుడు పాపువా న్యూగినీ, ఆస్ట్రేలియా ప్రాంతపు చేపలను కోసి చూసి ఈ సంగతి వివరంగా రాశాడు. మన ఆసియా నీళ్ళలో మొదటినుంచీ ఆడవిగా ఉండేవి కొన్ని ఉన్నాయని తర్వాత తెలిసింది, కాబట్టి నూటికి నూరూ అనకూడదు. స్థూలంగా లెక్క ఏమిటంటే, కిలోన్నర నుంచి రెండున్నర కిలోల దాకా ఉన్నవాటిలో చాలావరకు మగవి. నాలుగు కిలోలు దాటి ఆరుకు వచ్చేసరికి చాలావరకు ఆడవి.

ఇలా ఎందుకు? మగచేపగా పనికిరావడానికి పెద్ద ఒళ్ళు అక్కరలేదు. గుడ్లు మోయడానికి మాత్రం కడుపులో చోటు కావాలి. ఒళ్ళు పెరిగినకొద్దీ గుడ్లు పెరుగుతాయి. నాలుగు కిలోల తల్లి లక్షల్లో పెడుతుంది, ఇరవై కిలోల తల్లి కోటి దాటుతుంది. చిన్నప్పుడు మగగా, పెద్దయ్యాక ఆడగా ఉంటే ఆ జాతికి ఎక్కువ సంతానం. ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. ఈ ఏర్పాటులో మనిషి అనేవాడు వలతో వస్తాడనే మాట మాత్రం లేదు.

ఇప్పుడు మార్కెట్టు దగ్గరికి వద్దాం. మనవాళ్ళకు పెద్దచేప అంటే మోజు. పెళ్ళిచూపులకు, సీమంతానికి, అల్లుడు వచ్చినప్పుడు, పదిమందికీ చూపించుకోవడానికి ఒకే చేప పెద్దది తేవాలి. తలకాయ ఇంటిపెద్ద విస్తట్లో పడాలి. తిరుత్తణిలో ఆడికృత్తిక కావళ్ళ రోజులు అయ్యాక చేపల దుకాణాల దగ్గర రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. నాకు అలవాటైన దుకాణపు ఆవిడ తెలుగే మాట్లాడుతుంది. మొన్న అడిగాను, "ఏమ్మా, ఈ పెద్దది కడుపులో గుడ్డుతో ఉందా?" అని. "ఉంటే ఇంకా మంచిదే గదా సార్, గుడ్డు వేపుడుకని విడిగా అడిగేవాళ్ళున్నారు. పెద్దదానికి కిలోకు రేటు కూడా ఎక్కువే" అంది. ఆవిడది వ్యాపారం, తప్పు పట్టను. కానీ ఆ రేటులో ఉన్న అర్థం చూడండి. మిగతా జాతుల్లో పెద్దవాటిని పడితే మగా ఆడా రెండూ పోతాయి, చిన్నవాటిలో రెండూ మిగులుతాయి. పండుగప్పలో పెద్దవాటిని పడితే పోయేవి తల్లులే. సరస్సులో వెయ్యి చేపలు మిగిలినా అన్నీ రెండు కిలోల లోపువైతే ఆ సంవత్సరం గుడ్డు దాదాపు లేనట్టే. అసలు తినేసి వడ్డీకోసం ఎదురుచూసే ఖాతా అది. అలాంటి ఖాతాలు నేను చాలా చూశాను.

కాబట్టి సోదరి ప్రశ్నకు నా జవాబు: రెండు కిలోల లోపుది కొనండి. పదిమందికి కావాలంటే అలాంటివే నాలుగు కొనండి. మరీ అరకిలో, ముప్పావుకిలో లోపువి సరస్సులో పట్టినవైతే వద్దు, అవి ఒక్కసారి కూడా సంతానం చూడనివి. పెంపకం చెరువుల్లోంచి వచ్చినవైతే ఆ అభ్యంతరం లేదు. రుచి విషయంలో కూడా నష్టం లేదు. చిన్నదాని కండ మెత్తగా, పొరలుపొరలుగా విడుతుంది. ముళ్ళు తక్కువ గనుక పిల్లలకు పెట్టవచ్చు. తాజాదాని మొప్పలు ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి నిలవకూడదు. మా ఇంట్లో చేసే తీరు ఇది. చింతపండు పులుసు ముందు బాగా మరిగించి, మెంతిపొడి వేసి, ముక్కలు ఆఖర్న దించుతారు. ఈ చేప త్వరగా ఉడుకుతుంది, గరిటె పెట్టి కలపకూడదు, గిన్నె పట్టుకు తిప్పాలి. పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఇక వంట మాట మళ్ళీ ఎత్తను.

పెంపకం అన్నాను గదా. మద్రాసులో కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపక పరిశోధన సంస్థ ఉంది. సీబా అనే పొట్టిపేరుతో పిలుస్తారు. 1987లో ఏర్పడింది. దానికి మహాబలిపురం దారిలో ముట్టుకాడు దగ్గర ప్రయోగకేంద్రం ఉంది. థాయిలాండువాళ్ళు 1970ల్లోనే ఈ చేపకు తొట్లలో గుడ్లు పెట్టించారు. మన దేశంలో మొదటిసారి 1997లో సీబావాళ్ళు ముట్టుకాడులో సాధించారు. మన జిల్లా ఏర్పడిన సంవత్సరమే. పెద్ద తల్లిచేపలనూ చిన్న మగచేపలనూ ఒకే తొట్టిలో ఉంచి, సముద్రపు ఉప్పు సరిగా ఉండేలా చూసి, హార్మోను ఇచ్చి గుడ్లు పెట్టిస్తారు. ఆ తర్వాత సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఆధ్వర్యంలోని రాజీవ్ గాంధీ కేంద్రం వారు శీర్గాళి దగ్గర తొడువాయిలో పెద్ద హేచరీ పెట్టారు. ఇప్పుడు కృష్ణా, పశ్చిమ గోదావరి డెల్టాల్లో రైతులు పండుగప్పను చెరువుల్లో పెంచుతున్నారు. మనం తినే కిలో చేప చాలాసార్లు అక్కడిదే.

తోబుట్టువులను మింగే గుణం ఇక్కడే పీకల మీదికి వస్తుంది. పిల్లలు అంగుళం సైజులో ఉన్నప్పుడు రెండు మూడు రోజులకొకసారి తీసి, పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో వేరుచెయ్యాలి. ఒక వారం బద్ధకిస్తే తొట్టిలో కొద్దిపాటి బలిసిన చేపలు మిగులుతాయి, తక్కినవన్నీ వాటి కడుపులో ఉంటాయి. చేపల పెంపకానికి అప్పు అడగవచ్చినవాళ్ళను నేను మొదట అడిగేది పిల్లలను ఎన్నిసార్లు వేరుచేస్తావయ్యా అని. దానికి సరైన జవాబు చెప్పినవాడు సామాన్యంగా వాయిదా తప్పడు. రెండోది మేత. తయారుమేత కాకుండా చిల్లరచేపలు వేసి పెంచితే ఒక కిలో పండుగప్పకు నాలుగైదు కిలోలకు తక్కువ కాకుండా చిల్లరచేప పడుతుంది. ఆ చిల్లరచేప కూడా సముద్రంలోంచి వచ్చిందే, బీదవాడి కంచంలోకి పోవలసిందే. ఈ లెక్క వేసుకోకుండా పెంపకంతో సముద్రం మీద బరువు తగ్గిపోయిందనుకుంటే అది తప్పుడు ఆసామీపట్టీ.

పెంపకం మన విస్తరికి చేపను తెస్తుంది, పులికాట్ జాలరి వలకు తేదు. అక్కడి బతుకులు మొగమీద ఆధారపడి ఉన్నాయి. సరస్సు తమిళ భాగంలో పాడు అనే కట్టుబాటు తరతరాలుగా ఉంది. మొగకు దగ్గరగా ఉన్న మంచి వేటస్థలాలు ఎవరి సొంతమూ కావు. ఏ కుటుంబం ఏ రోజు ఎక్కడ వల కట్టాలో వంతులు వేసుకుంటారు. ముఖ్యంగా రొయ్యల కోసం పుట్టిన పద్ధతి అది. రొయ్యా పండుగప్పా ఒకే గుమ్మంలోంచి రావాలి గనుక గుమ్మం మూసుకుంటే వంతులకు అర్థం ఉండదు. వంతుల్లో లేని ఇరుళలూ, ఆంధ్రవైపు యానాదులూ ఒడ్డునీళ్ళలో దిగి చేతులతో తడిమి రొయ్యలు పట్టుకుంటారు. సరస్సు ఎండితే మొదట పస్తుండేది వాళ్ళు.

మొగ ఎందుకు మూసుకుంటుంది? ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు మన తీరం వెంబడి ఇసుకను దక్షిణంనుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. ఆ ఇసుక మొగకు అడ్డంగా దిబ్బకడుతుంది. వానాకాలంలో ఏళ్ళు పొంగి సరస్సులోంచి నీళ్ళు బలంగా బయటికి తన్నితే దిబ్బ కోసుకుపోతుంది. ఆరణి, కాళంగి నీళ్ళను ఎగువన చెరువులూ జలాశయాలూ పట్టేసుకున్నాక ఆ తన్ను బలం తగ్గింది. వానలు సరిగా లేని ఏట మొగ సన్నబడి, ఎండాకాలానికి మూతపడుతుంది. జాలరులే చేతులతో, పారలతో కాలువ తవ్వి తెరుచుకున్న సంవత్సరాలున్నాయి. మూతపడితే సముద్రంలో పుట్టిన పండుగప్ప పిల్ల దిబ్బకు అటే ఉండిపోతుంది. లోపలున్న మగచేప తల్లి కావలసిన వయసుకు వచ్చి కూడా దిబ్బకు ఇటే ఉండిపోతుంది. పైపెచ్చు నీళ్ళు మరుగుతూ మరీ ఉప్పెక్కిపోతాయి. ఇటీవలి సంవత్సరాల్లో తమిళనాడు ప్రభుత్వం మొగకు ఇరువైపులా రాతిగోడలు కట్టి ఇసుకను ఆపే పని చేపట్టింది. జాలరులు ఎన్నో ఏళ్ళుగా అడిగిన పని అది. నా ఉద్దేశంలో రాయి ఒక్కటే చాలదు, పైనుంచి నీళ్ళు కూడా రావాలి. ఎగువ ఆంధ్రలో, దిగువ తమిళనాట, రెండు నీటిపారుదల శాఖలు ఒక చేపను దృష్టిలో పెట్టుకుని నీళ్ళు వదలాలని అడగడం ఆఫీసుల్లో నవ్వుతాలుగా ఉంటుంది. అయినా అడగవలసిన మాట అదే.

తిరుత్తణి, తిరువళ్ళూరు పాఠకులకు మరీ దగ్గరి సంగతి ఇంకొకటుంది. మన నీళ్ళు పులికాట్‌కు పోవు. తిరుత్తణి నంది ఏరు కుశస్థలిలో కలుస్తుంది. తమిళులు కొసస్థలైయారు అనే ఆ నది పూండి జలాశయం దాటి ఎన్నూరు దగ్గర సముద్రంలో పడుతుంది. పూండి 1944లో కట్టింది. 1996 నుంచి కండలేరు కాలువద్వారా మన కృష్ణానీళ్ళు వచ్చి చేరేది అందులోకే. ఎన్నూరు ఉప్పుటేరు కూడా పండుగప్పకు పుట్టిల్లే. ఆ పుట్టింటి పరిస్థితి పేపర్లలో చదువుతూనే ఉన్నాం. విద్యుత్ కేంద్రాల బూడిద పేరుకుని ఏరు పూడుతోంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతోపాటు నూనె కూడా ఆ ఉప్పుటేట్లోకి చేరి వలలూ పడవలూ నల్లబడ్డాయి. అక్కడి జాలరులు ఎన్ని రోజులు వేటకు పోలేకపోయారో వాళ్ళకే తెలుసు. ఆ ఏట్లో చేరే మురుగులో మన ఊరి వాటా కూడా ఉంది. నంది ఏటిలో మనం పారేసే ప్లాస్టిక్ సంచీకి సముద్రం 100 కి.మీ. లోపే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పుతీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో చేప రేటు పెరిగిందని విసుక్కోని ఇల్లు లేదు. ఆ నిషేధం సముద్రంలో మరబోట్లకు. సరస్సులో తల్లిచేపకు విడిగా రక్షణంటూ ఏదైనా ఉంటే అది కొనేవాళ్ళ దగ్గరే మొదలుకావాలి. దుకాణంలో పెద్దదాన్ని ఎవరూ అడక్కపోతే కిలోకు ఎక్కువ రేటు నిలవదు, రేటు లేనిదానికోసం జాలరి పెద్దకన్ను వల కట్టడు. ఇంత సూటిగా పనిచేసే సూత్రం వాణిజ్యశాస్త్రంలో మరొకటి నాకు తెలియదు.

చలికాలంలో రాజహంసలను చూడటానికి మన సభ్యుల్లో చాలామంది సూళ్ళూరుపేట మీదుగా శ్రీహరికోట రోడ్డుకు వెళ్తుంటారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈసారి ఇంకొక పూట చేర్చుకుని పొన్నేరి మీదుగా పళవేర్కాడుకు కూడా రండి. 1613లో డచ్చివాళ్ళు కట్టిన గెల్డ్రియా కోట ఆనవాళ్ళు, వాళ్ళ సమాధులు అందరూ చూసేవే. అవి చూశాక వంతెన దాటి, దీపస్తంభం వైపు ఒడ్డున నడిచి మొగదాకా వెళ్ళండి. పోటు ఎక్కే వేళ అయితే నీళ్ళు ఏ వైపు పోతున్నాయో, ఇసుక ఎంతదూరం పొడుచుకు వచ్చిందో పిల్లలకు చూపించండి. ఒడ్డున వల విదిలించుకుంటున్న జాలరిని అడిగితే ఈ ఏడు కొడువా పిల్ల లోపలికి వచ్చిందో లేదో తమిళంలోనైనా తెలుగులోనైనా చెబుతాడు.